తులసి మొక్కలు పంచిన పెద్దాయన

మా అపార్టుమెంటు వెనకాల కాస్త ఖాళీ జాగా ఉంది. అందులో ఓ వేపచెట్టు. సాయంత్రమైతే మా అత్తయ్యగారు, ఇంకో ఇద్దరు పెద్దవాళ్ళు కుర్చీలు తెచ్చుకుని దాని కిందే కూచుంటారు. పిల్లలు అక్కడే ఆడుకుంటారు. కిందటి నెల అసోసియేషన్ మీటింగులో ఆ చెట్టు కొట్టేసి, జాగా అంతా సిమెంటు చప్టా చేయించి, నాలుగు కార్లు పెట్టుకుందామన్నారు. ఆకులు రాలి చెత్తవుతోందట, దోమలొస్తున్నాయట. అందరూ తలలూపారు. నాకు ఒళ్ళు మండింది గానీ ఏం చెప్పాలో తోచలేదు. చెట్టంటే నాకిష్టమండీ అంటే ఎవరు వింటారు చెప్పండి!

ఈ సంగతి మా మరిదికి ఫోనులో చెప్పి వాపోయాను. తను ఉస్మానియాలో చదువుకున్నాడు. అంతా విని ఓ పేరు చెప్పాడు. పాట్రిక్ గెడ్డెస్. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఎక్కడ కడితే బాగుంటుందో చూసి చెప్పమని నిజాం కాలంలో పిలిపించిన స్కాట్లండు పెద్దాయన. స్థలాలన్నీ చూసి 1923లో నివేదిక ఇచ్చాడు. చెట్లు కొట్టకుండా, చెరువులు పూడ్చకుండా ఊళ్ళు బాగుచెయ్యొచ్చని వందేళ్ళ కిందటే మన దేశమంతా తిరిగి చెప్పిన మనిషి అన్నాడు మరిది. వారం తిరక్కుండా ఆయన గురించిన పుస్తకం కూడా పంపాడు. మధ్యాహ్నాలు వంటిల్లు సర్దుకున్నాక కూచుని చదివాను. పూర్తయ్యేసరికి మీ అందరికీ చెప్పకపోతే నిద్ర పట్టదనిపించింది.

డిగ్రీ లేని ప్రొఫెసరు

గెడ్డెస్ 1854 అక్టోబరు 2న స్కాట్లండులో పుట్టాడు. మన గాంధీగారి పుట్టినరోజే ఆయనదీనూ! తండ్రి సైన్యంలో పనిచేసిన మనిషి. పెర్త్ అనే ఊళ్ళో, కొండవాలున చిన్న ఇల్లు, దాని చుట్టూ తోట. ఇంట్లో అందరికన్నా చిన్నవాడైన పాట్రిక్ తండ్రి వెంట తిరుగుతూ ఆ తోటలోనే మొక్కల్ని చూడడం నేర్చుకున్నాడు. చదువయ్యాక బ్యాంకులో ఉద్యోగానికి పెడితే ఏడాదిన్నర చేసి మానేశాడు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చదవబోయి, అక్కడి పద్ధతి నచ్చక వారానికే తిరిగొచ్చేశాడు. తర్వాత లండను వెళ్ళి హక్స్‌లీ అనే పేరుమోసిన శాస్త్రవేత్త దగ్గర శిష్యరికం చేశాడు. ఇంత చేసినా డిగ్రీ మాత్రం పుచ్చుకోలేదు. మన ఇళ్ళల్లో ఇలాంటి కొడుకుంటే ఎంత బెంగపెట్టుకునేవాళ్ళమో కదూ!

1879లో పరిశోధన కోసం మెక్సికో వెళ్ళినప్పుడు కళ్ళకు జబ్బు చేసింది. వారాల తరబడి చీకటిగదిలో ఉండాల్సొచ్చింది. చూపు తిరిగొచ్చింది గానీ, సూక్ష్మదర్శినిలో గంటలకొద్దీ కన్నుపెట్టి చూసే పని ఇంక సాగలేదు. అప్పటిదాకా మొక్కల్లో కణాల్ని చూసిన ఆయన క్రమంగా ఊళ్ళను చూడడం మొదలుపెట్టాడు. మొక్కకి మట్టి, నీళ్ళు, గాలి ఎలాగో మనిషికి ఊరు అలాగ అన్నది ఆయనకు పట్టుబడిన సంగతి. తర్వాత డండీలో వృక్షశాస్త్రం ప్రొఫెసరయ్యాడు. వేసవిలో మూడు నెలలే పాఠాలు. మిగతా ఏడాదంతా ఊళ్ళ పనే.

మురికివాడలో కొత్త కాపురం

1886లో ఆనా మోర్టన్‌ని పెళ్ళి చేసుకున్నాడు. ఆవిడ లివర్‌పూల్‌లో కలిగిన వ్యాపారి కూతురు, సంగీతం బాగా వచ్చిన మనిషి. ఆవిణ్ణి తీసుకెళ్ళి ఎక్కడ కాపురం పెట్టాడనుకున్నారు? ఎడింబరో పాతబస్తీలో, జేమ్స్ కోర్ట్ అనే చోట, జనం కిక్కిరిసిన పాత మేడలో! ఎత్తయిన మేడలు, మధ్యలో ఇద్దరు పక్కపక్కన నడవలేని సందులు, ఎక్కడ చూసినా మురికి. కలిగినవాళ్ళంతా కొత్త బస్తీకి మారిపోయిన రోజులవి. వీళ్ళు పసిబిడ్డ నోరాతో సహా 1887లో ఎదురు నడిచి అక్కడికెళ్ళారు.

వెళ్ళి ఉపన్యాసాలివ్వలేదు. చీపురు పట్టారు. గోడలకు సున్నం కొట్టారు. కిటికీల్లో పూలపెట్టెలు పెట్టారు. చూసి చూసి ఇరుగుపొరుగు కూడా చెయ్యి కలిపారు. పుస్తకాల్లో అంతా ఆయన పేరే ఉంటుంది గానీ, ఆ ఇంటిని నడిపి, వచ్చేపోయేవాళ్ళకు వండిపెట్టి, ఆయన ఎడాపెడా ఖర్చుపెట్టేస్తుంటే లెక్కలు చూసుకుంది ఆనాయే. ఆవిడ లేకపోతే ఆయన పనిలో సగం కూడా అయ్యేది కాదని నాకనిపించింది.

1892లో కొండమీద కోట పక్కన ఉన్న ఓ పాత బురుజుని తీసుకుని, ఔట్‌లుక్ టవర్ అని పేరుపెట్టాడు. పైకెక్కితే ఊరంతా కనిపిస్తుంది. కిందికి దిగుతూంటే ఒక్కో అంతస్తులో ఊరు, దేశం, లోకం గురించిన బొమ్మలు, పటాలు. ఊరిని బాగుచెయ్యాలంటే ముందు ఊరిని చూడాలి. ఇంతే ఆయన సిద్ధాంతం. వైద్యుడు నాడి చూడకుండా మందివ్వడు కదా!

నోరా లెక్కపెట్టిన ఖాళీ జాగాలు

జేమ్స్ కోర్ట్‌కి పసిబిడ్డగా వచ్చిన నోరా పెద్దయి తోటపని చేపట్టింది. 1909 ప్రాంతంలో ఔట్‌లుక్ టవర్ వాళ్ళు పాతబస్తీ మొత్తం నడిచి, ఎక్కడెక్కడ ఖాళీ జాగాలున్నాయో లెక్కకట్టారు. కూలిన ఇళ్ళ స్థలాలు, చెత్త పోసే మూలలు, గోడల మధ్య మిగిలిన ముక్కలు. ఊపిరాడదనుకున్న ఆ బస్తీలో డెబ్బైకి పైగా ఖాళీ జాగాలు తేలాయి. అన్నీ కలిపితే 10 ఎకరాలు!

ఒకటొకటిగా వాటిని తోటలు చెయ్యడం మొదలుపెట్టారు. నోరా దగ్గరుండి మట్టి తీయించి, గట్లు కట్టించి, మొక్కలు వేయించేది. చుట్టుపక్కల పిల్లలు, వాళ్ళ తల్లులు కలిసి పనిచేశారు. నీళ్ళు పొయ్యడం, కలుపు తియ్యడం, తాళం వెయ్యడం ఎవరి వంతు ఏమిటన్నది కూడా ముందే అనుకోవాలి. తోట వెయ్యడం ఒకరోజు పని, నిలబెట్టుకోవడం రోజూ చేసే పని. ఈ సంగతి మనకెవరూ చెప్పక్కర్లేదు, ఇల్లు నడిపేవాళ్ళం కదా. ఆ తోటల్లో కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో జాన్‌స్టన్ టెర్రస్ అనే చోటున్న తోటని ఈ రోజుల్లో పక్షులకీ, పురుగుపుట్రకీ నెలవుగా కాపాడుతున్నారు.

సముద్రం పాలైన పెట్టెలు

ఒక ఊరు నేర్చుకున్నది ఇంకో ఊరికి ఎలా చేరుతుంది? మనకైతే పుట్టింటినుంచి అత్తింటికి వెళ్ళిన ఆడపిల్ల విత్తనాలూ, పచ్చడి చేసే పద్ధతీ పట్టుకెళుతుంది. గెడ్డెస్ ఊళ్ళ విషయంలో అదే పని చేశాడు. ఎన్నో నగరాల పటాలు, ఫొటోలు, నమూనాలు పోగుచేసి ప్రదర్శనగా కట్టి, ఊరూరా తిప్పాడు. 1911లో లండనులో, ఎడింబరోలో, ఐర్లండులో, 1913లో బెల్జియంలోని ఘెంట్‌లో చూపించాడు. ఘెంట్‌లో దానికి పెద్ద బహుమతి కూడా వచ్చింది.

అప్పటి మద్రాసు గవర్నరు లార్డ్ పెంట్లండ్ ఆయనకు పాత స్నేహితుడు. ఆ ప్రదర్శనను మద్రాసుకి తెమ్మని పిలిచాడు. కోస్తా జిల్లాలూ, రాయలసీమా అప్పుడు మద్రాసు రాజధానిలోవే కదా, అంటే మన ప్రాంతపు ప్రభుత్వమే పిలిచిందన్నమాట. 1914లో, అరవై ఏళ్ళ వయసులో, కొడుకు అలస్డర్‌ని వెంటబెట్టుకుని బయల్దేరాడు. సామానంతా క్లాన్ గ్రాంట్ అనే వేరే ఓడలో ఎక్కించారు. ఇంతలో మొదటి ప్రపంచయుద్ధం. ఆ సెప్టెంబరులో మద్రాసు మీద గుండ్లు కురిపించిన ఎమ్డెన్ నౌక పేరు మన పెద్దవాళ్ళు చెప్పగా వినే ఉంటారు. అదే ఎమ్డెన్ అక్టోబరులో క్లాన్ గ్రాంట్‌ని ముంచేసింది. ఎన్నో ఏళ్ళ కష్టం నీళ్ళపాలు!

ఇంకొకరైతే తిరుగు ఓడెక్కేవాళ్ళు. ఆయన స్నేహితులకు ఉత్తరాలు రాశాడు. యుద్ధం జరుగుతున్నా వాళ్ళు మళ్ళీ పటాలు, బొమ్మలు సేకరించి పంపారు. 1915 జనవరిలో మద్రాసు విశ్వవిద్యాలయం సెనేట్ హాల్లో ప్రదర్శన తెరిచారు. తర్వాత కలకత్తా, నాగపూరు వంటి చోట్లకీ వెళ్ళింది. నలుగురితో పంచుకున్న విద్య మునిగిపోదని ఇది చదివినప్పుడు నాకు ధైర్యం వచ్చింది.

చెరువు పూడ్చకండి బాబూ

తర్వాత దాదాపు పదేళ్ళ పాటు ఆయన మన దేశంలో పదుల కొద్దీ పట్టణాలు తిరిగాడు. పొద్దున్నే లేచి సందుసందూ నడవడం, అరుగుల మీదివాళ్ళతో మాట్లాడడం, అప్పుడు నివేదిక రాయడం. ఆ రోజుల్లో ఇంజనీర్ల పద్ధతి వేరు. పటం మీద గీత గీసి, అడ్డొచ్చిన ఇళ్ళన్నీ పడగొట్టి, వెడల్పాటి రోడ్డు వేసెయ్యడం. తంజావూరు కోటలో, మదురలో అలాంటి పథకాలు చూసి గెడ్డెస్ వద్దన్నాడు. మరీ పాడైన ఇళ్ళు కొన్నే తీసేసి, ఆ జాగాల్లో చెట్లు నాటి, ఖాళీ స్థలాల్ని కలుపుకుంటూ పోతే ఖర్చు బోలెడంత తగ్గుతుందనీ, జనం వీధిన పడరనీ లెక్కవేసి చూపించాడు. ఎడింబరో సందుల్లో నేర్చుకున్నదే ఇది.

చెరువుల సంగతి చదువుతుంటే మాత్రం నాకు కళ్ళు చెమర్చాయి. మలేరియా వస్తోందని అప్పటి ఆరోగ్యశాఖవాళ్ళు ఊళ్ళల్లో చెరువులు, కుంటలు పూడ్చమనేవారు. గెడ్డెస్ ఒప్పుకోలేదు. చెరువుని శుభ్రం చెయ్యండి, చేపలు వదలండి, బాతుల్ని పెంచండి, అవి దోమపిల్లల్ని తినేస్తాయి అని ప్రతి ఊళ్ళోనూ పోరాడాడు. వానాకాలం వరద పట్టుకునేదీ, ఎండాకాలం ఊరిని చల్లబరిచేదీ చెరువే కదా, దాన్ని పూడిస్తే ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయని ఆయన వాదన. దోమల కోసమని ఇవాళ మన మునిసిపాలిటీలు గంబూషియా చేపలు వదలడం మీరూ చూసే ఉంటారు.

మా పుట్టింటి ఊళ్ళో నడిబొడ్డున ఓ కుంట ఉండేది. బతుకమ్మలు అందులోనే కలిపేవాళ్ళం. నేను ఇంటర్ చదివేటప్పుడు దోమల పేరు చెప్పి పూడ్చి దుకాణాలు కట్టారు. ఇప్పుడు గట్టి వానొస్తే మా అమ్మ మంచం మీద సామాన్లు సర్దుకుని కూచుంటుంది. దోమలు మాత్రం ఎక్కడికీ పోలేదు!

1917 వేసవి

ఊళ్ళు బాగుచేసే మనిషి ఇల్లు ఆ ఏడు కూలిపోయింది. కొడుకు అలస్డర్ సైన్యంలో చేరి ఫ్రాన్సులో యుద్ధంలో ఉన్నాడు. ఏప్రిల్లో గుండు తగిలి చనిపోయాడు. ఆ కబురు వచ్చేసరికి ఇక్కడ మన దేశంలో ఆనా విషజ్వరంతో మంచాన ఉంది. చెబితే తట్టుకోలేదని ఆయన చెప్పలేదు. కొడుకు రాసిన పాత ఉత్తరాలే కొత్తగా వచ్చినట్టు చదివి వినిపించాడు. జూన్‌లో ఆవిడ కన్నుమూసింది. కొడుకు పోయాడని ఆవిడకు తెలియనే తెలియదు.

ఆ పేజీ దగ్గర పుస్తకం మూసేశాను. ఆ ఉత్తరాలు చదువుతున్నప్పుడు గొంతు ఎలా పెగిలిందో! ముప్పై ఏళ్ళ కిందట తనతోపాటు మురికిసందులో చీపురు పట్టిన మనిషిని ఇంత దూరాన పోగొట్టుకున్నాడు.

ఇండోరులో దీపావళి

అదే ఏడు దీపావళికి ఆయన ఇండోరులో ఉన్నాడు. ఊళ్ళో ప్లేగు భయం. ఇళ్ళు కొలుస్తూ తిరిగే తెల్లవాడంటే జనానికి ఇంకా భయం, ఇల్లు పడగొడతాడని. మహారాజు దగ్గరికెళ్ళి, ఒక్కరోజు తనని రాజుని చెయ్యమని అడిగాడట. మహారాజు సరేనన్నాడు.

గెడ్డెస్ ఊళ్ళో చాటింపు వేయించాడు. ఈసారి దీపావళి ఊరేగింపు మామూలు దారిన పోదు. ఏ వీధులవాళ్ళు ఇళ్ళు బాగుచేసుకుని శుభ్రంగా ఉంచుకుంటే ఆ వీధుల్లోంచే వెళుతుంది. చెత్త ఎత్తుకుపోవడానికి డబ్బు అక్కర్లేదు. ఇంకేముంది! ఊరు ఊరంతా బూజులు దులిపి, సున్నాలు కొట్టి, పెరళ్ళు ఊడ్చింది. 6 వేల బళ్ళకు పైగా చెత్త బయటికి పోయింది. ఎలుకల్ని వేలకొద్దీ పట్టారు. మన ఆడవాళ్ళు పండక్కి ఏటా చేసే పనినే ఆయన ఊరికి వైద్యం చేశాడు చూశారా!

ఊరేగింపులో ఏనుగులు, గుర్రాలు సరే. మురికి రాక్షసుడి బొమ్మ, ప్లేగు ఎలుక బొమ్మ కూడా నడిచాయి. వాటి వెనక ఊరి పాకీపనివాళ్ళు తెల్లని బట్టలు కట్టుకుని, మెడలో దండలతో, చేతిలో కొత్త చీపుళ్ళతో గౌరవంగా నడిచారు. పక్కన నడవనివ్వని రోజుల్లో వాళ్ళని ఊరేగింపు నడిమధ్య నిలబెట్టాడాయన. తర్వాత ఏనుగు మీద లక్ష్మీదేవి. ఆ వెనక కొత్తగా రాబోయే ఇళ్ళు, తోటల నమూనాలు, పళ్ళు, పూల బళ్ళు. ఆఖర్న జనానికి చిన్నచిన్న కుండీల్లో తులసి మొక్కలు పంచారు. రాత్రి రాక్షసుణ్ణీ, ఎలుకనీ తగలబెట్టి బాణసంచా కాల్చారు. ఆ తర్వాత పిల్లలు వీధిలో ఆయన కనిపిస్తే పరుగెత్తుకొచ్చేవారట.

తులసే ఎందుకు? మన దేశం తిరిగినప్పుడు ఆయన ఓ సంగతి గమనించాడు. ఇల్లు ఎంత చిన్నదైనా తులసికోట ఉన్న వాకిలి శుభ్రంగా ఉంటుంది. రోజూ నీళ్ళు పోసి, చుట్టూ ఊడ్చి ముగ్గేసే ఇల్లాలు అక్కడ ఉంటుంది కాబట్టి. ఆ వాకిలినే వీధిదాకా, ఊరిదాకా పెంచాలన్నది ఆయన కోరిక. వృక్షశాస్త్రం ప్రొఫెసరు మన పెరటిలో పాఠం నేర్చుకున్నాడన్నమాట.

ఊరినుంచి ఊరికి

1919లో బొంబాయి విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్రం ప్రొఫెసరయ్యాడు. టాగూరు, జగదీశ్ చంద్ర బోసు ఆయనకు స్నేహితులు. బోసు జీవితచరిత్ర కూడా రాశాడు. చిన్నకొడుకు ఆర్థర్ టాగూరుగారి శ్రీనికేతన్‌లో పనిచేశాడు. ఆరోగ్యం చెడి 1924లో మన దేశం విడిచి ఫ్రాన్సులోని మాంపెలియేలో స్థిరపడ్డాడు. 1925లో టెల్ అవీవ్ నగరానికి నమూనా గీసినప్పుడు ఇళ్ళ వరసల మధ్య అందరూ వాడుకునే తోటలు పెట్టాడు. అంటే ఎడింబరో వెనకసందుల్లోని తోట టెల్ అవీవ్ దాకా చేరిందన్నమాట. 1932లో సర్ బిరుదు వచ్చింది. ఆ ఏప్రిల్ 17నే మాంపెలియేలో కన్నుమూశాడు.

అన్నీ నెగ్గాడని కాదు. ఆయన నివేదికలు చాలామటుకు బీరువాల్లోనే ఉండిపోయాయి. ఇంజనీర్లకు ఆయనంటే గిట్టేది కాదు. మాట్లాడితే ఆపేవాడు కాదట, దస్తూరీ ఎవరికీ అర్థమయ్యేది కాదట. పైగా పరాయి పాలనలో పిలిపించిన మనిషి, ఆ హద్దులు ఉండనే ఉంటాయి. అయినా వందేళ్ళ తర్వాత నగరాలన్నీ చెరువులు బాగుచేసుకోవాలి, ఖాళీ జాగాల్లో చెట్లు పెంచాలి అని ఒకదానికొకటి చెప్పుకుంటుంటే ఆయన నడిచిన దారే అది అనిపిస్తుంది.

మళ్ళీ మా మీటింగు

పోయిన ఆదివారం మళ్ళీ మీటింగు జరిగింది. ఈసారి చెట్టంటే ఇష్టమని అనలేదు. కాగితం పట్టుకెళ్ళాను. చప్టాకి ఎంతవుతుంది, వర్షం నీళ్ళు ఇంకకపోతే సెల్లారులోకి ఎటునుంచి వస్తాయి, ముందువైపు గోడ పక్కన సర్దితే ఎన్ని కార్లు పడతాయి, అన్నీ కొలిచి రాశాను. ఆకులు ఊడ్చే పని వంతులవారీగా చేస్తామని నలుగురు ఆడవాళ్ళం సంతకాలు పెట్టాం. ఓ గంట గొడవయ్యాక, ముందువైపు రెండు కార్లకు చోటు చేసుకుని, చెట్టు సంగతి ఏడాది తర్వాత చూద్దామన్నారు. పూర్తిగా గెలిచానని చెప్పను. ఏడాది మాత్రం చేతికొచ్చింది.

నిన్న మా పాపతో కలిసి మా వీధి చివరిదాకా నడిచాను. నోరాలాగా ఖాళీ జాగాలు లెక్కపెడదామని. పదకొండు తేలాయి. అందులో మూడు చెత్తకుప్పలు. మీ వీధిలో ఎన్నున్నాయో మీరూ ఓసారి లెక్కపెట్టి చూడండి. మా అత్తయ్యగారైతే ఎవరూ చెప్పకుండానే పెయింటు డబ్బాలో రెండు తులసి నారు పోసి ఉంచారు, ఒకటి వేపచెట్టు మొదట్లో పెట్టడానికి, ఇంకోటి కార్లు కావాలన్న కిందింటి వాళ్ళకివ్వడానికి.